రూట్ కెనాల్ మళ్లీ చేయాల్సి వస్తే: పాత ఫిల్లింగ్ తీయడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

మహారాష్ట్రలోని సిరొంచ, అహేరి, రాజురా, బల్లార్షా, కిన్వట్, ధర్మాబాద్ వైపు తెలుగు ఇళ్లలో ఒకే నోట్లో మూడు ఊళ్ల పని కనిపించడం మామూలే. ఒక పన్ను చంద్రపూర్‌లో, ఒకటి మంచిర్యాలలో, ఇంకొకటి పెళ్లికి పోయినప్పుడు హైదరాబాద్‌లో చేయించినది. చీటీ మరాఠీలో ఉంటుంది, లేదంటే అసలు ఉండదు. ఆ పన్ను మళ్లీ నొప్పి మొదలుపెడితే, లోపల ఎవరు ఏం నింపారో తెలియకుండానే తవ్వాల్సి వస్తుంది. కింద మొదటి సగం ప్రశ్నలు పేషెంట్లవి. రెండో సగం చిన్న ఊళ్లలో క్లినిక్ నడిపే బీడీఎస్ డాక్టర్లవి. పేషెంట్లు రెండో సగం కూడా చదవొచ్చు. నోరు తెరుచుకుని పడుకున్నప్పుడు పైన ఏం జరుగుతోందో తెలిస్తే భయం సగానికి తగ్గుతుంది.

నరం తీసేసిన పన్ను మళ్లీ ఎట్ల నొస్తది?

తీసేసింది పంటి లోపలి నరాన్ని. పంటి వేరు చుట్టూ ఉన్న ఎముక, వేరును ఎముకకు పట్టి ఉంచే పొర బతికే ఉంటాయి. వేరు లోపల మిగిలిన సూక్ష్మజీవులు కొన నుంచి బయటికి విషం వదిలితే నొచ్చేది అవే. కొరికినప్పుడు నొప్పి, చిగురు మీద చిన్న మొటిమలా లేచి చీము కారడం, పన్ను కాస్త ఎత్తు పెరిగినట్టు అనిపించడం దానికి గుర్తులు.

కారణాల్లో ఎక్కువగా దొరికేది వదిలేసిన కెనాల్, అంటే నరం ఉండే సన్నని దారి. పై దవడ మొదటి పెద్ద దంతంలో బుగ్గ వైపు ముందు వేరులో సగానికి పైగా మందికి రెండో కెనాల్ ఉంటుంది. అది సన్నం, పైగా డెంటిన్ (పంటి లోపలి గట్టి భాగం) అంచు కింద దాక్కుని ఉంటుంది. తొందరలో చేసిన పనిలో తప్పిపోయేది అదే. తర్వాతిది వేరు కొనకు 3, 4 మి.మీ. దూరంలోనే ఆగిపోయిన ఫిల్లింగ్. మూడోది క్యాప్ వేయించకుండా ఏడాది, రెండేళ్లు గడిపేయడం. పైన సిమెంట్ అరిగి ఉమ్మి లోపలికి దిగితే కింద ఎంత చక్కగా నింపినా లాభం ఉండదు. ఇలా చెడిపోయిన పళ్లలో తరచుగా దొరికే సూక్ష్మజీవి ఎంటెరోకాకస్ ఫీకాలిస్. తిండి లేకున్నా చాలాకాలం బతికే మొండిది.

నొప్పి లేదు. కానీ ఎక్స్‌రేలో వేరు కొన నల్లగ ఉందన్నరు. మళ్లీ చేయించాల్నా?

పాత ఎక్స్‌రే ఉంటే పక్కన పెట్టి చూడమనండి. నలుపు తగ్గుతూ వస్తుంటే ఎముక మానుతోందని అర్థం, ఆగొచ్చు. పూర్తిగా మానడానికి కొన్నిసార్లు నాలుగేళ్లు పడుతుంది. పెరుగుతుంటే, లేదా కొత్తగా వచ్చి ఉంటే ఆగకూడదు. పాత ఎక్స్‌రే లేకపోతే ఇవాళ తీసినదే మొదటిదనుకుని 6 నెలల తర్వాత మళ్లీ తీసి పోల్చడం న్యాయమైన దారి. ఒక మినహాయింపు ఉంది. ఆ పంటికి కొత్త క్యాపో బ్రిడ్జో వేయించబోతుంటే, లోపల ఫిల్లింగ్ పొట్టిగా ఉంటే, నొప్పి లేకపోయినా ముందు లోపలి పని సరిచేయించాలి. వేల రూపాయల బ్రిడ్జి వేశాక దానికి కన్నం పెట్టడం ఎవరికీ ఇష్టం ఉండదు.

లోపల నింపిన ఆ గులాబీ రంగు పదార్థం ఏమిటి?

గట్టా పెర్చా. మలయా ప్రాంతపు పెలాక్వియం అనే చెట్టు పాలు గట్టిపడితే వచ్చేది. ఆ చెట్టు మన ఇప్ప చెట్టుకూ సపోటాకూ బంధువే, మూడూ ఒకే కుటుంబం. 19వ శతాబ్దంలో సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగలకు తొడుగు కూడా దీంతోనే చేశారు. పంట్లో పెట్టే సన్నని పుల్లల్లో అసలు గట్టా పెర్చా అయిదో వంతే. మిగతాది చాలావరకు జింక్ ఆక్సైడ్, దాంతోపాటు ఎక్స్‌రేలో తెల్లగా కనిపించడానికి కలిపిన లోహ లవణాలు, కొంచెం మైనం. 60 డిగ్రీలు దాటాక మెత్తబడుతుంది, కొన్ని నూనెల్లో కరుగుతుంది. మళ్లీ తీయగలగడానికి ఆ రెండు గుణాలే ఆధారం.

దాని చుట్టూ సీలర్ అనే పలచని సిమెంట్ ఉంటుంది. అసలు చిక్కు చాలాసార్లు పుల్లతో కాదు, ఈ సీలర్‌తోనే.

ఎన్నిసార్లు రావాలి? ఏం తెచ్చుకోవాలి?

ముందు పళ్లకు ఒకటి, రెండు సార్లు. దవడ పళ్లకు రెండు, మూడు. చీము ఉంటే మధ్యలో కాల్షియం హైడ్రాక్సైడ్ మందు పెట్టి ఒకటి, రెండు వారాలు ఆపుతారు. ఒక్కో కూర్చోడం గంట, గంటన్నర.

వచ్చేటప్పుడు పాత ఎక్స్‌రే, పాత చీటీ ఏ భాషలో ఉన్నా తెండి. ఫోన్‌లో ఫొటో ఉన్నా చాలు. వాడుతున్న మందుల పట్టీలు కూడా తెండి, పేర్లు గుర్తుంటాయి అనుకోవద్దు. కాళేశ్వరం వంతెన దాటి, లేదా రాత్రి బస్సులో నాగపూర్‌కు వెళ్లి చేయించుకునే ఆలోచన ఉంటే ముందు ఫోన్ చేసి మూడు మాటలు అడగండి: పంటికి ఉమ్మి తగలకుండా వేసే రబ్బరు పొర, అంటే రబ్బర్ డ్యామ్ వాడతారా, పెద్దది చేసి చూపే లూప్స్ గానీ మైక్రోస్కోప్ గానీ ఉందా, అవసరమైతే ఆ ఊళ్లోనే పంటిని అన్ని వైపుల నుంచీ చూపే సీబీసీటీ స్కాన్ దొరుకుతుందా. మొదటిదానికే ‘లేదు’ అంటే ఇంకో చోటు వెతకడం మంచిది.

క్యాప్ పగలగొడతారా?

క్యాప్ బిగువుగా ఉండి, అంచుల కింద పుచ్చు లేకపోతే మధ్యలో రంధ్రం చేసి పని కానిచ్చి, తర్వాత పూడ్చవచ్చు. అంచు కింద సన్నని పరికరం దూరుతుంటే క్యాప్ తీయడమే మేలు. క్యాప్ కింద పన్ను ఏ వంపులో ఉందో పైనుంచి తెలియదు. క్యాప్ నిటారుగా, పన్ను వాలుగా ఉంటే బర్ (తొలిచే మొన) పక్కకు పోయి వేరుకు కన్నం పడుతుంది. కొత్త క్యాప్ ఖర్చు మిగులుతుందని పాతదాన్ని కాపాడబోయి పన్నే పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ఖర్రా తింట. నోరు పూర్తిగ తెరుసుకోదు. అయితదా?

ఈ ప్రశ్న చంద్రపూర్, గడ్చిరోలి వైపే ఎక్కువ. వక్క, పొగాకు, సున్నం కలిపి నలిపిన ఖర్రా ఏళ్ల తరబడి బుగ్గలో పెడితే బుగ్గ లోపలి పొర తాడులా బిగుసుకుపోతుంది. దానికి ప్రధాన కారణం వక్క. మీ వేళ్లు మూడు నిలువుగా పేర్చి ముందు పళ్ల మధ్య పెట్టి చూడండి. మూడూ దూరితే ఇబ్బంది లేదు. రెండే దూరితే వెనక దవడ పళ్ల పని కష్టం, పొట్టి ఫైళ్లు (కెనాల్ లోపల గీకే సన్నని పరికరాలు), చిన్న తల హ్యాండ్‌పీస్ (మొనను తిప్పే పరికరం) కావాలి. ఒక్క వేలే దూరితే రెండో పెద్ద దంతానికి రూట్ కెనాల్ మళ్లీ చేయడం దాదాపు కుదరదు. ముందు నోరు తెరుచుకోడానికి చికిత్స మొదలుపెట్టాలి. బుగ్గలో తెల్లని మచ్చ, మానని పుండు ఉంటే పంటి సంగతి తర్వాత, అది ముందు చూపించండి.

ఏ జబ్బులు ముందే చెప్పాలి?

షుగర్, బీపీ, గుండె కవాటం ఆపరేషన్, రక్తం పలచబడే మందులు, గర్భం. వీటితోపాటు ఈ జిల్లాల్లో తప్పక చెప్పాల్సింది సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు. సికిల్ సెల్ ఉన్నవాళ్లకు పుచ్చు లేని పంట్లో కూడా నొప్పి రావచ్చు, అది రక్తనాళం మూసుకుపోవడం వల్ల. కారణం తేల్చుకోకుండా అలాంటి పంటిని తెరవకూడదు. పంటి ఇన్‌ఫెక్షన్, నీళ్లు తాగకుండా ఎండలో ప్రయాణం, రెండూ కలిస్తే ఒళ్లంతా నొప్పుల దాడి రావచ్చు. ఉదయం పూట అపాయింట్‌మెంట్ తీసుకుని, నీళ్లు తాగుతూ రండి. ఆస్పిరిన్ వాడేవాళ్లు రూట్ కెనాల్ కోసం సొంతంగా మానేయొద్దు.

చేశాక రెండు రోజులు ఎక్కువ నొచ్చింది. చెడిపోయినట్టా?

కాదు. పాత పదార్థం తీసేటప్పుడు దాని పొడి కొంత వేరు కొన దాటి బయటికి పోతుంది. శరీరం దానికి ఎదురు తిరుగుతుంది. రెండు, మూడు రోజులు కొరికితే నొప్పి ఉండటం మామూలు. అల్సర్, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, గర్భం, ఆస్తమా లేని, రక్తం పలచబడే మందులు వాడని పెద్దవాళ్లకు తిన్న తర్వాత ఐబుప్రోఫెన్ 400, దాంతో పారాసిటమాల్ 500 సరిపోతాయి. యాంటీబయాటిక్ నొప్పికి పని చేయదు. మొహం వాపు, జ్వరం, మింగడం కష్టం ఉంటేనే అది కావాలి. మింగలేకపోతే, ఊపిరి ఇబ్బంది అనిపిస్తే అది రాత్రయినా దవాఖానకు పోవాల్సిన సంగతి.

ఒక జాగ్రత్త. వాపు లేకుండా చలితో జ్వరం వస్తే పంటి మీద నెట్టేయొద్దు. గడ్చిరోలి వైపు మలేరియా ఇంకా ఉంది, రక్త పరీక్ష చేయించండి. డెంగీ అనుమానం ఉన్న రోజుల్లో ఐబుప్రోఫెన్ వద్దు, పారాసిటమాల్ ఒక్కటే.

ఇక్కడి నుంచి డాక్టర్ల ప్రశ్నలు. లోపల ఏం నింపారో తెరవకముందే ఎలా తెలుస్తుంది?

రెండు ఎక్స్‌రేలు తీయండి: ఒకటి నేరుగా, ఒకటి సుమారు 20 డిగ్రీలు పక్కకు జరిపి. ఫిల్లింగ్ వేరు మధ్యలో కాకుండా ఒక పక్కకు ఒరిగి కనిపిస్తే రెండో కెనాల్ ఉందని అనుమానించాలి. నీటుగా, సమంగా ఉన్న బూడిద తెలుపు అంటే గట్టా పెర్చా. కత్తి అంచులా మెరిసే తెలుపు అంటే సిల్వర్ పాయింట్, అదే వెండి పుల్ల. పొడవాటి ఖాళీలతో, మచ్చలు మచ్చలుగా ఉంటే పేస్ట్. వేరు పైభాగంలో మందంగా నిలువు గీత ఉంటే పోస్ట్, అంటే పైకట్టుకు పట్టుగా వేరులో దించిన కడ్డీ.

తెరిచాక రంగు చెబుతుంది. గులాబీ అయితే గట్టా పెర్చా. పన్ను మొత్తం ఇటుక రంగులోకి తిరిగి, లోపల ఎర్రగా గాజులా మెరుస్తుంటే రిసార్సినాల్ ఫార్మాలిన్ రెసిన్. లవంగ నూనె వాసన వస్తే యూజినాల్ సిమెంట్. పుల్ల మధ్యలో నల్లగానో వేరే రంగులోనో ప్లాస్టిక్ కడ్డీ కనిపిస్తే అది గట్టా పెర్చాను మోసే క్యారియర్.

గట్టా పెర్చా తీసే క్రమం ఏమిటి?

పైనుంచి కిందికి, మూడు అంచెలు. ఈ క్రమం తప్పితేనే సగం ప్రమాదాలు.

మొదట దారి. చాంబర్‌లోని (పంటి లోపలి పై గది) పాత సిమెంట్, పుచ్చు అంతా తీసి, కెనాల్ నోరు నాలుగు వైపులా కనిపించాలి. పాత గోడ అంచు అడ్డొస్తే అల్ట్రాసానిక్ టిప్‌తో (వేగంగా కంపించే మొన) తొలగించండి. ఇక్కడ పది నిమిషాలు ఎక్కువ పెడితే కింద గంట కలిసొస్తుంది. అప్పుడే రబ్బర్ డ్యామ్ వేసి ఉండాలి.

పై మూడో వంతు: గేట్స్ గ్లిడెన్ అనే తొలిచే పరికరం 2 లేదా 3 నెంబర్, అంటే 0.70, 0.90 మి.మీ., లేదా పాత ఫిల్లింగ్ తీసే ప్రొటేపర్ రీట్రీట్‌మెంట్ ఫైళ్లలో డి1. డి1 పొడవు 16 మి.మీ., కొన 30 నెంబర్ (0.30 మి.మీ.), టేపర్ (పైకి పోయేకొద్దీ లావయ్యే తీరు) 9 శాతం. కొన కోసే రకం కనుక గట్టా పెర్చాలోకి తనే దిగుతుంది. అందుకే దాన్ని తిన్నని భాగం దాటనివ్వకూడదు. వేడి ప్లగ్గర్ (కాల్చి గుచ్చే లోహపు కడ్డీ) ఉంటే అది ఇంకా శుభ్రం. ఎర్రగా కాల్చి 3 సెకన్లకు మించకుండా గుచ్చి తీస్తే ముద్దగా అంటుకుని వస్తుంది.

నడి మూడో వంతు: డి2, 18 మి.మీ., కొన 25, టేపర్ 8. వేగం నిమిషానికి 500 నుంచి 700 చుట్లు. మామూలు షేపింగ్ ఫైళ్ల వేగం దీనికి చాలదు, రాపిడి వేడితో గట్టా పెర్చా మెత్తబడాలి. చేతి ఒత్తిడి పెన్సిల్‌తో రాసేంతే. మూడు, నాలుగు సార్లు తట్టి బయటికి తీసి చూడండి: ఫైలు గాడుల్లో గులాబీ చుట్టలు ఎక్కి రావాలి. తడి గాజుగుడ్డతో తుడిచి మళ్లీ దింపాలి. గులాబీ ఆగి తెల్లని పొడి వస్తోందంటే ఫైలు డెంటిన్ తింటోంది, దారి తప్పింది. అక్కడే ఆగి ఎక్స్‌రే తీయండి.

కింది మూడో వంతు: డి3, 22 మి.మీ., కొన 20, టేపర్ 7. వంపు లేని కెనాల్‌కే అది. వంపు ఉంటే మోటారు పక్కన పెట్టి చేత్తో తిప్పే 10, 15 నెంబర్ కె ఫైళ్లు, తర్వాత హెడ్‌స్ట్రామ్ (పైకి లాగినప్పుడు కోసే ఫైలు). ప్రతి ఫైలు మార్చినప్పుడూ సూక్ష్మజీవులను చంపే హైపోక్లోరైట్ ద్రవంతో కడగాలి. పొడిగా తిప్పిన ఫైలే విరుగుతుంది.

పుల్ల వదులుగా ఉంటే ఇంత తంటా అక్కర్లేదు. పుల్లకూ గోడకూ మధ్య సందులోకి 25 నెంబర్ హెడ్‌స్ట్రామ్ దించి, పావు చుట్టు తిప్పి, నిదానంగా పైకి లాగండి. ఒక్కోసారి పుల్ల మొత్తం ఒకే ముక్కగా వస్తుంది. ముందు దీన్ని ప్రయత్నించకుండా నేరుగా మోటారు ఎత్తడం పొరపాటు.

సాల్వెంట్ (గట్టా పెర్చాను కరిగించే ద్రవం) ఎప్పుడు, ఎంత వేయాలి?

చివర్లో, తక్కువ. చాలామంది తెరవగానే చుక్కలు పోసేస్తారు. దాంతో గట్టా పెర్చా బురదై గోడలంతా పలచగా పూసుకుపోతుంది, డెంటిన్ రంధ్రాల్లోకి దిగుతుంది. ఆ పొర కింద సూక్ష్మజీవులు హాయిగా ఉంటాయి. పై రెండు వంతులు పొడిగా, యంత్రంతో తీసేయండి. ఫైలు ఇక దిగనని మొండికేస్తే అప్పుడు ఒకే చుక్క. కెనాల్‌లో పట్టేది చుక్క కంటే తక్కువే. ఒకటి, రెండు నిమిషాలు ఆగి 10 నెంబర్ ఫైలుతో తట్టండి. పని అయ్యాక పేపర్ పాయింట్లతో (సన్నని కాగితం పుల్లలు) పీల్చేయడం తప్పనిసరి. ఆఖరి 2, 3 మి.మీ. చాలావరకు సాల్వెంట్ లేకుండా తీయగలిగితే కొన బయటికి బురద నెట్టే ప్రమాదం తగ్గుతుంది.

ఏది? క్లోరోఫామ్ అన్నిటికంటే వేగం. కానీ మనుషులకు క్యాన్సర్ కలిగించవచ్చు అన్న 2బి వర్గంలో ఉంది, కిటికీ లేని గదిలో వద్దు. జైలీన్ కొంచెం నెమ్మది, కణజాలానికి విషం. నారింజ నూనె, నీలగిరి తైలం వాటికంటే సురక్షితం, అయితే ఓపిక కావాలి. నీలగిరి తైలాన్ని గోరువెచ్చగా చేస్తే కాస్త చురుకవుతుంది, అదీ నీళ్లలో సీసా పెట్టి మాత్రమే. జైలీన్, నారింజ నూనె, నీలగిరి తైలం మూడూ మండేవే, స్పిరిట్ దీపం దగ్గర పెట్టొద్దు. క్లోరోఫామ్, జైలీన్ రబ్బర్ డ్యామ్‌నూ కొన్ని ప్లాస్టిక్ సిరంజీలనూ తినేస్తాయి. గాజు గిన్నెలో పోసి ట్వీజర్ కొనతో చుక్క పట్టడం మంచి అలవాటు.

పుల్ల వేరు కొన దాటి బయటికి పొడుచుకుని ఉంది. ఎలా?

ఇక్కడ సాల్వెంట్ అస్సలు వద్దు. మెత్తబడితే పుల్ల కొన దగ్గరే తెగి, బయటి ముక్క ఎముకలో ఉండిపోతుంది. పై భాగం తీసేసి, సన్నని హెడ్‌స్ట్రామ్‌ను మిగిలిన ముక్కలోకి గుచ్చి, కొనను 0.5 నుంచి 1 మి.మీ. దాటించి, గుండ్రంగా కాకుండా మెల్లగా కుడికి కాస్త తిప్పి, తొందర లేకుండా లాగాలి. ఒక్కసారే మంచి అవకాశం దొరుకుతుంది. తెగిపోతే మరీ కెలకొద్దు. లోపల శుభ్రం చేసి నింపి చూడండి. చాలా పళ్లు ముక్క బయట ఉన్నా మానతాయి, మానకపోతే సర్జరీ ఉంది.

ఎర్ర రెసిన్ రాయిలా ఉంది, ఏ సాల్వెంట్‌కూ లొంగట్లేదు.

రిసార్సినాల్ ఫార్మాలిన్‌కు నమ్మదగ్గ సాల్వెంట్ లేదు. కాకపోతే చాలాసార్లు పైన రాయి, కింద మెత్తని సగం గట్టిపడిన పేస్టు, ఆ కింద ఖాళీ. అల్ట్రాసానిక్ టిప్‌తో మైక్రోస్కోప్ కింద పొడి చేసుకుంటూ దిగడం, నడుమ నడుమ 8, 10 నెంబర్ గట్టి కొన ఫైళ్లతో వెతకడం. ప్రతి 2 మి.మీ.కీ ఒక ఎక్స్‌రే. మైక్రోస్కోప్ లేకపోతే ఈ పన్ను మీ క్లినిక్‌ది కాదు. నాగపూర్ ప్రభుత్వ దంత కళాశాలకో, హైదరాబాద్ ప్రభుత్వ దంత కళాశాలకో రాసి పంపండి. కన్నం పెట్టాక పంపడం కంటే ముందే పంపడం గౌరవం.

బయోసిరామిక్ సీలర్ అయితే?

ఇప్పుడు చేసే కేసుల్లో ఇది పెరుగుతోంది, కొన్నేళ్లలో మళ్లీ తీయాల్సిన వంతు మనకే వస్తుంది. బయోసిరామిక్ అంటే కాల్షియం సిలికేట్ సిమెంట్, అది గట్టిపడితే గట్టా పెర్చా సాల్వెంట్లేవీ దాన్ని ముట్టవు. పుల్ల కొన వరకూ ఉంటే ఫరవాలేదు, పుల్ల వెంబడే దారి దొరుకుతుంది. పుల్ల పొట్టిగా ఉండి, ఆపైన సీలర్ ఒక్కటే గట్టిపడి ఉంటే కొన వరకు దారి తెరుచుకోవడం చాలా కష్టం. పేషెంట్‌కు ముందే చెప్పి రాయించుకోండి.

సిల్వర్ పాయింట్, క్యారియర్, పోస్ట్?

సిల్వర్ మెత్తని లోహం. చాంబర్‌లోకి పొడుచుకొచ్చిన తోకను బర్‌తో కోసేస్తే పట్టుకోడానికి ఏమీ మిగలదు. చుట్టూ సిమెంట్ మాత్రం తీసి, సన్న ముక్కు పట్టకారుతో లాగాలి. అల్ట్రాసానిక్‌ను పాయింట్‌కు నేరుగా తాకించకుండా పట్టకారుకు ఆనించాలి. క్యారియర్‌కు చుట్టూ ఉన్న గట్టా పెర్చాను మెత్తబరిచి పక్కన హెడ్‌స్ట్రామ్ దూర్చి లాగితే వస్తుంది. పోస్ట్‌ను అల్ట్రాసానిక్‌తో కదిలించేటప్పుడు నీళ్లు ఆపొద్దు, 10, 15 సెకన్లకోసారి విరామం ఇవ్వండి. పొడిగా నిమిషం పాటు పెడితే ఆ వేడి వేరు దాటి ఎముకను కాలుస్తుంది.

మొత్తం వచ్చేసిందని ఎలా నిర్ధారించుకోవాలి?

నిజం చెప్పాలంటే మొత్తం ఎప్పుడూ రాదు. ఏ ఫైలూ, ఏ పద్ధతీ గోడలను నూటికి నూరు శుభ్రం చేయలేదు. అయినా కనీసం ఇవి చూడండి: ఆఖరి హెడ్‌స్ట్రామ్‌ను నాలుగు గోడలకూ రుద్ది తీస్తే గాడుల్లో గులాబీ ఉండకూడదు. పేపర్ పాయింట్ మీద గులాబీ గానీ పసుపు గానీ మరక ఉండకూడదు. ఎక్స్‌రేలో గోడ వెంట తెల్లని గీత మిగలకూడదు. గుండ్రంగా లేని కెనాల్‌లో, అంటే కింది దవడ వెనక వేరు, పై ప్రీమోలార్లు (కోర పంటి వెనకున్న చిన్న దవడ పళ్లు), నాలుక వైపూ బుగ్గ వైపూ మూలల్లో తప్పకుండా మిగులుతుంది. ఫైలును కాస్త వంచి ఆ మూలలు గీకండి. తర్వాత పాత సైజు కంటే ఒకటి, రెండు సైజులు పెద్దగా కొన తయారుచేయండి.

కెనాల్ పొడవు కొలత ఇదంతా అయ్యాకే ఖాయం చేయండి. గట్టా పెర్చా ముక్క అడ్డం ఉంటే, సాల్వెంట్ మిగిలి ఉంటే అపెక్స్ లొకేటర్ (వేరు కొన ఎక్కడుందో చెప్పే యంత్రం) తప్పు చెబుతుంది. లోహపు క్యాప్‌కు ఫైలు తగిలినా, చాంబర్ నిండా నీళ్లున్నా పొట్టి కొలత చూపుతుంది.

కడగడానికి ఏది, ఎంత?

హైపోక్లోరైట్ 2.5 నుంచి 5.25 శాతం. 30 గేజ్ పక్క రంధ్రం సూది, కొలతకు 2 మి.మీ. పైన, సూది ఎక్కడా బిగుసుకోకుండా కదుపుతూ. చివర్లో 17 శాతం ఈడీటీఏ (గోడల మీది పొడి పొరను కరిగించే ద్రవం) ఒక నిమిషం, మళ్లీ హైపోక్లోరైట్. అల్ట్రాసానిక్‌తో 20 సెకన్ల చొప్పున మూడుసార్లు కదిలిస్తే మిగిలిన సీలర్ పొడి లేస్తుంది. క్లోర్‌హెక్సిడిన్ వాడాలనుకుంటే మధ్యలో సెలైన్‌తో బాగా కడగాలి. హైపోక్లోరైట్, క్లోర్‌హెక్సిడిన్ కలిస్తే గోధుమ రంగు మడ్డి ఏర్పడి, తీసిన గోడలకు కొత్త పూత పడుతుంది.

చంద్రపూర్ వైపు మేలో 45 డిగ్రీలు దాటుతుంది. కరెంటు పోయిన గదిలో కిటికీ దగ్గర పెట్టిన హైపోక్లోరైట్ సీసా నెల తిరిగేసరికి చాలా బలం కోల్పోతుంది. చిన్న సీసాలు కొని, మూత బిగించి, చీకట్లో చల్లగా ఉంచండి, తెరిచిన తేదీ మార్కర్‌తో రాయండి. గట్టా పెర్చా పుల్లలు కూడా వేడికీ వెలుతురుకీ పెళుసెక్కుతాయి. వంచితే విరిగే పుల్ల పారేయాల్సిందే.

ఎక్కువగా జరిగే ప్రమాదాలు?

మెట్టు పడటం. గట్టా పెర్చా అడ్డంగా ఉన్నప్పుడు ఫైలును బలంగా తోస్తే వంపు బయటి గోడలో గుంట పడుతుంది. 8 లేదా 10 నెంబర్ ఫైలు కొన 2, 3 మి.మీ. వంచి, వంపు వైపు తిప్పి వెతకాలి.

ఫైలు విరగడం. ఒకే రీట్రీట్‌మెంట్ ఫైలుతో లెక్క లేకుండా కేసులు చేయడం, దాన్ని తిరగనిచ్చి ఒకేచోట ఆపడం దీనికి మూలం. ప్రతి కేసు తర్వాత గాడులు విప్పుకున్నాయా చూసి, అనుమానం ఉంటే పారేయండి.

కన్నం పడటం. ఉన్నట్టుండి నెత్తురు, లొకేటర్ కొలత కంటే చాలా ముందే కొన అని చెప్పడం గుర్తులు. అదే రోజు ఎంటీఏ లేదా బయోడెంటిన్ సిమెంట్‌తో మూసేస్తే పన్ను నిలిచే అవకాశం ఎక్కువ. ఆలస్యం చేసేకొద్దీ ఎముక పోయే ప్రమాదం పెరుగుతుంది.

హైపోక్లోరైట్ కొన దాటడం. పేషెంట్ ఒక్కసారిగా కేక పెట్టడం, నిమిషాల్లో వాపు, కెనాల్ నుంచి రక్తం. కడగడం ఆపండి, రక్తం కారనివ్వండి, మొదటి రోజు చల్లని కాపడం, నొప్పి మందు. పేషెంట్‌ను ఒంటరిగా బస్సెక్కించకండి.

మధ్యలో మందు పెట్టి పంపాక వరద వచ్చి దారి ఆగిపోతే?

వానాకాలంలో గోదావరి, ప్రాణహిత పొంగితే ఈ వైపు రోడ్లు రోజుల తరబడి మూతపడతాయి. కేవలం మెత్తని తాత్కాలిక సిమెంట్ వేసి పంపడం అప్పుడు పెద్ద తప్పు. దాని మందం కనీసం 3.5 మి.మీ. ఉండాలి, అదైనా మూడు వారాలకు మించి నమ్మకూడదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దాని మీద గ్లాస్ అయానమర్ అనే గట్టి సిమెంట్ పొర వేయండి, కొరికే ఎత్తు తగ్గించండి. పేషెంట్లకు: సిమెంట్ ఊడిపోతే ఆ పంటి వైపు తినడం ఆపి, ఉప్పు గోరువెచ్చని నీళ్లతో పుక్కిలిస్తూ వీలైనంత త్వరగా ఫోన్ చేయండి. దూది కుక్కొద్దు. లవంగ నూనె పోయొద్దు, చిగురు కాలుతుంది, లోపల మళ్లీ యూజినాల్ చేరుతుంది.

ఎప్పుడు ఇక వద్దనాలి?

వేరు నిలువునా పగిలి ఉంటే. ఒక్కచోటే సన్నగా, లోతుగా దిగే చిగురు సంచి దానికి బలమైన గుర్తు. అలాంటి పంటికి ఎంత శ్రమపడ్డా నిలవదు, తీసేయడమే. పైన క్యాప్ పట్టుకునేంత పన్ను మిగలకపోయినా అంతే. ఫిల్లింగ్ బాగానే ఉండి కొన దగ్గరే పుండు మానకపోతే, లేదా పెద్ద పోస్ట్ తీస్తే వేరు పగిలేలా ఉంటే చిగురు తెరిచి వేరు కొన 3 మి.మీ. కోసి మూసే సర్జరీ నయం. మిగతా వాటిలో మళ్లీ చేయడమే మొదటి దారి. బాగా చేసిన కేసుల్లో నాలుగింట మూడు వంతుల పైచిలుకు మానతాయి, కొన దగ్గర పెద్ద పుండు ఉన్నవాటిలో కాస్త తక్కువ.

క్యాప్ ఎప్పుడు వేయించాలి?

దవడ పంటికి నొప్పి తగ్గి, కొరికితే ఇబ్బంది లేకపోతే రెండు, మూడు వారాల్లో. పుండు పూర్తిగా మానాలని ఏడాది ఆగనక్కర్లేదు. ఎక్స్‌రే మాత్రం 6 నెలలకు, ఏడాదికి, తర్వాత ఏడాదికోసారి నాలుగేళ్ల వరకు. ఊరు మారినా, డాక్టర్ మారినా ప్రతి ఎక్స్‌రేనూ ఫోన్‌లో ఫొటో తీసి, తేదీ, పంటి నెంబర్, లోపల వాడిన సీలర్ పేరు కలిపి దాచుకోండి.